పరదేశమ్మ మాత్సర్యము

మార్గశీర్షమాసమునందలి ప్రభాతసమయమున ముత్యాలరేవను సముద్రతీరపట్టణమును మంచు దట్టముగా గప్పియుండెను. తూర్పుదిక్కున నరుణరేఖ యింకను స్ఫుటముగా దోపకమునుపే రాత్రియెల్ల లోసంద్రమున వలలు విసరి యలసిన బోట్లు మినుకుమినుకుమను దీపములతో నొకదానివెంట నొకటిగా దీరమును జేరుచుండెను. అలల ఘోషయు యంత్రముల రొదయు మంచుదిమ్మలను బగులగొట్టు సమ్మెటల మ్రోతయు వేలము పాడువారి కేకలును గలసి యా రేవును మేలుకొల్పుచుండ, ఎండుచేపల గిడ్డంగుల పైకప్పులమీదనుండియు బాతవలల కుప్పలలోనుండియు బోర్లించిన తెప్పల క్రిందనుండియు నల్లనివి తెల్లనివి చారలవి బూడిదవన్నెవి యగు పిల్లులు లెక్కకు మించి నిశ్శబ్దపాదవిన్యాసములతో దిగివచ్చి చెమ్మగిల్లిన యిసుకపై దోకలెత్తి నిలుచుచుండెను. సూర్యునికంటె ముందుగా రేవునకు వచ్చునవి పిల్లులే యని యచటివారు చెప్పుకొనుట కలదు.

ఆ మార్జాలసమూహమంతయు జేరునది రేకుల షెడ్డు చివర గత్తిపీట వేసికొని కూర్చుండు పరదేశమ్మ యొద్దకు. ఆమె యౌవనమునుండియు నచ్చటనే కూర్చుండి కొనువారు కోరినట్లు చేపలను గోసి శుభ్రముచేసి యిచ్చుచు జీవించునది. అనవరతమత్స్యఖండనవ్యాపారమున గరకుదేఱిన కరతలములును ఉప్పుగాలికి రాగివన్నె దాల్చిన మోమును బిగ్గరయగు కంఠమును గల యా యిల్లాలు రేవునందెవ్వరికిని దలవంచునది కాదు. కోయగా మిగిలిన తలలను దోకలను బ్రేవులను బాఱవేయక యొక తట్టలో గూర్చి వేలము సద్దుమణిగినపిమ్మట నామె నాలుకతో నొక వింత చప్పుడుచేసి "దాదాదా" యని పిలుచును. ఆ పిలుపు చెవిసోకినంతనే పిల్లులన్నియు బరుగున వచ్చి యామెచుట్టును వలయముగా గూర్చుండును. ఏ రాణికిని నింతటి కొలువు లేదని పరదేశమ్మ లోలోన మురియుచుండెను. ఆమె భర్తయగు నూకరాజు వలలు బాగుచేయువాడు, మితభాషి, చతురుడు. తన కంచములోనికంటె ముందుగా బిల్లుల తట్టలోనికే కూడు పోవునని యతడు నవ్వుచు జెప్పుచుండెను.

ఆ పిల్లులలో నామెకు బ్రాణప్రదమైనది చుక్క. కాటుకవలె నల్లనై నుదుట దెల్లని బొట్టు గల యా యాడుపిల్లి పరుల నీడ సోకినను బరుగెత్తి గిడ్డంగి కప్పెక్కును. పరదేశమ్మ చేతినుండి తప్ప మఱియొకరి చేతినుండి యాహారము గొన్నది కాదు, పరదేశమ్మ వ్రేళ్ళు తప్ప మఱియొకరి వ్రేళ్ళు దాని వీపును దాకినవి కావు. లోకమునందు దన్నొక్కతెనే నమ్ము ప్రాణి యొకటి కలదను తలంపు మనుష్యహృదయమును మత్తెక్కించు మద్యమువంటిది. పరదేశమ్మ యా మత్తునకు జిరకాలముగా నలవాటుపడియుండెను.

కాని రేవునందలి పిల్లుల బ్రదుకు నిజమునకు గొలువువలె సుఖమైనది కాదు. ఏటేట వానలకు ముందు పుట్టిన కూనలు తల్లులకు బాలు చాలక కన్నులు పుసులుగట్టి కృశించి చచ్చుచుండెను, బ్రదికినవి చేపలలారీల చక్రముల క్రిందబడి నలుగుచుండెను, పెద్దవి గంపలలో మూతులుపెట్టి వర్తకుల యాగ్రహమునకు బాత్రములగుచుండెను. ఎవ్వరో విషము పూసిన చేపలను జల్లగా నొక యుదయమున నిసుకమీద బడియున్న కళేబరములను జూచి పరదేశమ్మ గుండెలు బాదుకొనెను. కడకు బురపాలకులు సభచేసి పిల్లులనన్నిటిని గోనెసంచులలో బట్టి పట్టణమునకు బడమరగా నున్న కొండలలో విడువవలెనని నిశ్చయించిరి. రేవుతప్ప మఱియొకచోటెఱుగని యా జీవములకు గొండయన శ్మశానమేయని యందఱెఱిగియు నెవ్వరును నోరు మెదపలేదు.

ఆ సమయమున దపాలాకార్యాలయమునకు గ్రొత్తగా బదిలీయై వచ్చిన సుభాషిణి యను యుద్యోగిని యొక్కతె యెదురు చెప్పెను. పిల్లులకు సంతానము గలుగకుండ శస్త్రచికిత్స చేయించి మరల రేవునందే విడిచినయెడల నవి యితరప్రదేశములనుండి క్రొత్తపిల్లులను రానీయవనియు, గూనలు పుట్టమిచే సంఖ్య క్రమముగా దానంతట దగ్గుననియు, జంపుటయు గొండలలో విడుచుటయు నవసరములేదనియు నామె సభలో నిలిచి చెప్పెను. ప్రభుత్వపశువైద్యురాలగు రెహానా యా మాటను బలపఱచి చికిత్సలు తాను చేసెదనని యొప్పుకొనెను. చికిత్స జరిగిన పిల్లికి మత్తులో నున్నప్పుడే యెడమచెవి కొనను గత్తిరించి గుఱుతుంచవలెననియు, ఉగాదినాటికి జెవి తెగని పిల్లి రేవునందు గనబడినచో గొండలపాలు చేయుదుమనియు బురపాలకులు కట్టడి చేసిరి.

సుభాషిణి మఱునాడే పరదేశమ్మ కత్తిపీట యెదుట వచ్చి చతికిలబడెను. పట్టుచీరలు గట్టు యుద్యోగినులట్లు తడినేలపై గూర్చుండుట రేవువారెన్నడును జూచియెఱుగరు.

"పరదేశమ్మగారూ, ఈ రేవులో పిల్లులు మీ మాటే వింటాయట. మీరు పిలవకపోతే ఒక్కటి కూడా బోనులోకి రాదు. నాకు సాయం చెయ్యండి."

"కడుపు కోసీసి మల్లీ ఈడికే తెచ్చి ఒగ్గేత్తారా?"

"ఇక్కడికే. మీ దగ్గరికే."

ఆ కడపటి మాట పరదేశమ్మకు దేనెవలె నుండెను. ఐదుగురు బిడ్డలను గన్న యా తల్లికి గడుపుల బరువెట్టిదో తెలియును. "కొండల్లో పారీడం కంటే నయమే గదా. అలాగేనమ్మా" యని యామె యొప్పుకొనెను.

తొలిదినములలో గార్యము చక్కగా సాగెను. పరదేశమ్మ పిలుచును, పిల్లులు వచ్చును, బోనులోని చేపముక్కకై లోనికేగును, తలుపు పడును. సుభాషిణి బోనుపై వస్త్రము గప్పి యాటోలో వైద్యశాలకు గొనిపోవును. ఒకనాడు పరదేశమ్మయు వెంటబోగా వైద్యురాలామెకు స్వయముగా నొక హెచ్చరిక చేసెను. చికిత్సకు ముందు రాత్రినుండి పిల్లికేమియు బెట్టరాదు. కడుపునిండ నున్న పిల్లికి మత్తుమందెక్కించినచో దిన్నది పైకుబికి యూపిరిగొట్టములో నడ్డుపడి ప్రాణము తీయును. పరదేశమ్మ యా మాటను జెవులార విని తల యూపెను.

ఇట్లుండగా నామె మనస్సున నొక ముల్లు నాటుకొనెను. అది మొదట మిక్కిలి చిన్నది. పరదేశమ్మ గుడ్డోడని పిలుచు నొంటికంటి గండుపిల్లికి సుభాషిణి శుక్రాచార్యుడని పేరుపెట్టెను. ఆ పేరు రేవంతట వ్యాపించి బోటువాండ్రు సైతము శుక్రాచార్యా యని పిలిచి నవ్వుకొనసాగిరి. చుక్క సయితము శ్యామల యయ్యెను. చేపలు కొనవచ్చిన పట్టణస్త్రీలు చెవి తెగిన పిల్లులను జూచి "పోస్టమ్మగారి పిల్లులు గదూ" యని మెచ్చుకొనుచుండిరి. ఆ మాట వినబడినప్పుడెల్ల పరదేశమ్మ కత్తిపీటపై జేప యొకింత గట్టిగా దెగుచుండెను. ఇన్నాళ్ళు తాను గాపురముచేసిన యింట సవతి పీటవేసికొని కూర్చుండ జుట్టములందఱు నామెనే యిల్లాలా యని పిలుచుచుండ నేమూలనో నిలిచి వినుచున్న దానివలె నామె యుడికిపోయెను.

చేపల వర్తకసంఘమువారు సంక్రాంతి ముగిసినపిమ్మట వేలపు షెడ్డులో జిన్న సభచేసి సుభాషిణికి బూలదండ వేసిరి. జనమువెనుక దడిచేతులతో నిలిచిన పరదేశమ్మ యా బంతిపూలదండ పరకంఠమున బడుట చూచినంతనే వెనుదిరిగి యింటికి బోయెను. సభ చూచి వచ్చిన నూకరాజేదో చెప్పబోగా "ఆవిడి పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దు" అని నోరు మూయించెను.

అసూయాపరవశమైన చిత్తమునకు దన్ను దానుగా జూచుకొనుటకు సిగ్గగును. కావున నది పరాయివస్త్రమును గట్టుకొని బయలుదేఱును. పరదేశమ్మ యసూయ ధర్మమను వస్త్రమును గట్టెను. ఆడుదాని కడుపు గోయుట మహాపాపమనియు, ఆ పాపము రేవును గొట్టి చేపలు దొరకకుండజేయుననియు నామె తోడి స్త్రీలతో జెప్పనారంభించెను. తానే తొలుత నొప్పుకొన్న సంగతి యామెకు జ్ఞప్తికి రాలేదు, వచ్చినను రానిచ్చుకొనలేదు.

ఫాల్గునమాసమున నొక యపరాహ్ణమున నామె తపాలాకార్యాలయపు వీధిగుండ బోవుచు నొక దృశ్యమును జూచి కొయ్యవలె నిలిచిపోయెను. కార్యాలయపు మెట్లమీద సుభాషిణి యన్నపుడబ్బా విప్పుకొని కూర్చుండియుండ నామె పాదములకు దలరాచుచు జుక్క తిరుగుచుండెను. తోక నిక్కబొడిచియుండెను, కన్నులు సగము మూతపడియుండెను, కంఠమునుండి వెలువడు గుఱగుఱధ్వని వీధివఱకును వినబడుచుండెను. పరదేశమ్మ తన్ను దాను మఱచి నాలుకతో జప్పుడుచేసి "దాదాదా" యని పిలిచెను. చుక్క తల త్రిప్పి చూచెను. చూచి, మరల సుభాషిణి పాదములయొద్దనే చుట్టచుట్టుకొని పండుకొనెను.

ఆ క్షణమున బరదేశమ్మ హృదయమున బుట్టిన మంటను వర్ణింప నెవ్వరితరము? ప్రియునిచే బరిత్యక్తయైన కాంత రోదించుటకు లోకమొప్పును, పుత్రునిచే దిరస్కృతయైన తల్లి దుఃఖించుటకు లోకమొప్పును. వీధిపిల్లి యొకతె తనవైపు రాలేదని యేడ్చుటకు మాత్రము లోకమొప్పదు. కావున నామె కన్నీరు రాకుండ బండ్లు బిగించి యింటికి జేరి యన్నము ముట్టక పండుకొనెను.

మఱునాటి సాయంకాలమున సుభాషిణియే షెడ్డునకు వచ్చెను. "ఇంక మిగిలింది శ్యామల ఒక్కతే, పరదేశమ్మగారూ. రేపు పొద్దున్న పట్టుకుంటాను. ఆలస్యమైతే కడుపుతో ఉంటుంది. రాత్రినుంచి దానికేమీ పెట్టకండి."

"దాని పేరు చుక్క."

"అవును, చుక్కే" యని సుభాషిణి నవ్వెను. ఆ పలుకులోని విషమును గనిపెట్టలేదు. "పెట్టకండేం?"

"అలాగే" యని పరదేశమ్మ చేపలవైపు తలవంచుకొనెను.

తెలతెలవాఱుచుండగా నామె యెప్పటివలె దలలును దోకలును గాక, కొవ్వుపట్టిన కానాగంత చేపలలో మంచివానిని నేఱి కోసి మంచుగడ్డల కొట్టువెనుకకు బోయి చుక్కను బిలిచెను. నిర్మానుష్యమగు నచ్చట జుక్క వచ్చి యామె మోకాలికి దలరాచెను. "తిను. తినీసి తొంగో. ఎవులి బోనులోకీ ఎల్లకు" అని పరదేశమ్మ దాని వీపు నిమురుచు ముక్కలొక్కటొక్కటిగా నందించెను. కడుపు మద్దెలవలె నుబ్బువఱకును దినిపించెను. నిండుకడుపు పిల్లి బోనుదరికి బోదని యామె యెఱుగును. సుభాషిణి యందఱి యెదుటను గొంతు నొచ్చునట్లు పిలిచి పిలిచి వట్టిబోనుతో మరలిపోవుట యామె కన్నులకు గట్టినట్లుండెను.

కాని జరిగినది వేఱు. సుభాషిణి షెడ్డుముందట బోనునుంచి తాను దానిచెంత గూర్చుండి "శ్యామలా" యని మెల్లగా బిలిచెను. చుక్క గిడ్డంగికప్పునుండి దిగి, బోనులోని చేపవంకయైన జూడక, ఆ కంఠస్వరమువెంట నడచివచ్చి లోనికేగి కూర్చుండెను. తలుపు పడెను. ఆకలిచేత గాదు, నమ్మకముచేత నది చిక్కెను. పరదేశమ్మ చేతిలోని చేప జాఱిపోయెను.

సుభాషిణి బోనెత్తుకొని యామె ముందునుండి పోవుచు బసిపిల్లవలె సంతోషించి "చూశారా, నేను పిలిస్తేనే వచ్చేసింది" అనెను. ఆ మాటయే రాకుండినచో బరదేశమ్మ యప్పుడే నిజము చెప్పియుండునేమో. ఆ మాట విన్నపిమ్మట నామె పెదవులు కదలలేదు. ఆటో మలుపు తిరిగి కనుమఱుగయ్యెను.

వైద్యురాలి హెచ్చరిక యప్పుడామె చెవులలో మ్రోగెను. దానివెంటనే మఱియొక తలంపు పాముపిల్లవలె మెల్లగా దలయెత్తెను. పిల్లి చచ్చినయెడల జచ్చినది సుభాషిణి చేతులలోననియే లోకమనును. దండవేసినవారే నిందింతురు, శుక్రాచార్యా యని నవ్వినవారే మొగము త్రిప్పుకొందురు, పిల్లులు మరల దనవే యగును. ఆ తలంపునం దొక తీపి యుండెను. ఆ తీపి తన నాలుకకు దగిలినట్లు గుర్తించినంతనే పరదేశమ్మ నేలపై నుమిసెను. తాను జీవితమునందెన్నడును దన్నింతగా జూచి భయపడియుండలేదు.

వలను భుజమునవైచుకొని యటు వచ్చిన నూకరాజామె మొగమును జూచి నిలిచెను. "ఏటే, అలగున్నావు?"

"మావా, చుక్కకి నాను మేత పెట్టీసినాను. పొద్దున్నే. కడుపునిండా."

నూకరాజు బోను పోయిన త్రోవవైపు చూచెను. "మరి ఈడ కూకున్నావేటి?" యనెను.

పరదేశమ్మ కత్తిపీటను జేపలను గొనువారిని నట్లే విడిచి చేతులకు బొలుసులంటియుండగానే పరుగెత్తెను. నూకరాజు రోడ్డునకడ్డముగా నిలిచి యొక యాటో నాపెను.

వారు వైద్యశాలను జేరునప్పటికి సూదిమందెక్కినది. చుక్క సోలిపోయి బల్లపై నుండ వైద్యురాలు దానిని వెల్లకిల ద్రిప్పి కాళ్ళకు ద్రాళ్ళు గట్టబోవుచుండెను. తలుపు ద్రోసికొని లోనికివచ్చిన పరదేశమ్మ రొప్పుచు "ఆగండమ్మా. దానికి కడుపునిండా ఉంది. నానే పెట్టినాను" అనెను.

రెహానా త్రాళ్ళను లాగివైచి పిల్లిని బ్రక్కకుద్రిప్పి బల్లయంచున దల క్రిందికి వ్రేలునట్లు పట్టుకొనెను. అంతలోనే చుక్క శరీరమొక్క యుదుటున నదరి ప్రొద్దున దిన్నదంతయు వెడలగ్రక్కెను. కొంత నేలబడెను, కొంత గొంతుకలో నిలిచెను. వైద్యురాలు నాలుకను బైకిలాగి దూదియుండలతో దుడిచి గొట్టము జొనిపి పీల్చివైచి మూతిపై బ్రాణవాయువు తొడుగునుంచెను. చుక్క ప్రక్కటెముకలు కదలుట మానెను. రెహానా రెండువ్రేళ్ళతో దాని యెదను నొక్కుచుండెను. కొంతతడవునకు జీల్చినట్లొక దగ్గు వెలువడి ప్రక్కటెముకలు మరల గదలెను.

"ఇంకాస్త ఆలస్యమైతే ముఖం మీద గుడ్డ కప్పేసేదాన్ని. వాంతి చేసుకున్నదీ తెలిసేది కాదు" అని వైద్యురాలు చెమట తుడిచికొనెను. "ఇప్పుడు కూడా కొంత ఊపిరితిత్తుల్లోకి పోయే ఉంటుంది. ఆపరేషన్ ఇవాళ లేదు. బతికితే తర్వాత చూద్దాం."

సుభాషిణి గోడకానుకొని నిలిచియుండెను. "నిన్న మీతో చెప్పాను కదా. సరే అన్నారు కదా. నా మీద కోపముంటే నన్ను తిట్టాల్సింది."

"కోపం గాదమ్మా" యని పరదేశమ్మ తలయెత్తకయే చెప్పెను. "కుళ్ళు. అది నీ కాళ్ళకాడ తొంగుంటే సూడనేకపోనాను."

ఆ నగ్నమగు మాటకు సుభాషిణి మొగము గోడవైపునకు ద్రిప్పుకొనెను.

ఆటోలో మరలివచ్చునప్పుడు నూకరాజు "ఆ దండేసినోజు నువ్వు ముందే ఎల్లిపోనావు. ఆ పిల్ల మైకు పట్టుకుని మొదాట నీ పేరే సెప్పింది. ఈ దండ పరదేశమ్మగారిదని నీకోసం జనంలో ఎతికింది" అనెను.

"మరి నాకేల సెప్పలేదు?"

"సెప్పబోతే ఆ పేరెత్తొద్దన్నావు."

పరదేశమ్మ చీరచెఱగు నోటికడ్డముగా బెట్టుకొని యింటిదాక నా తీరుననే కూర్చుండెను.

నాటినుండి యామె ప్రతిదినమును వేలము ముగిసినంతనే వైద్యశాలకు బోవుచుండెను. సుభాషిణియు వచ్చుచుండెను. వరండాలోని బల్లకీకొనన నొకతెయు నాకొనన నొకతెయు గూర్చుండి మాటాడకయే చుక్క యుబ్బసపుటూపిరిని వినుచుండిరి. అది యాహారము ముట్టుట మానినది. సుభాషిణి పాలు తెచ్చెను, పరదేశమ్మ యుడికించిన నెత్తళ్ళను చిన్నచేపలు తెచ్చెను. చుక్క రెంటిని వాసనచూచి మొగము త్రిప్పుకొనెను. మొదట నది యెవరి చేతినుండి తినునో యని యిద్దఱును లోలోన నుత్కంఠపడుచుండిరి. అట్లుండగా నొకనాడు వైద్యశాల నూడ్చు వృద్ధుడు తన చద్దిపెరుగన్నములో నొక ముద్దను గిన్నెలోవైచి ముందునకు ద్రోయగా జుక్క వంగి నాకి నాకి యంతయు దినెను. రెండుకొనలనున్న యిద్దఱు స్త్రీలును నొక్కసారిగా నా వృద్ధునివైపు కన్నెఱ్ఱజేసి చూచిరి. పిదప నొకరి మొగమొకరు చూచుకొనిరి. తమ యిద్దఱి కన్నులలోను నొక్కటే మంట యున్నదని తెలిసినపుడు సుభాషిణి పెదవి కొన వణకెను, ఆమె నవ్వాపుకొనలేకపోయెను. పరదేశమ్మయు జెఱగు మాటున నవ్వెను. ఏమియు నెఱుగని యా వృద్ధుడు తన నోటికేమంటుకొన్నదో యని మూతి తుడిచికొనెను.

చుక్క కోలుకొనెను. ఊపిరితిత్తులు నిర్మలములగువఱకును శస్త్రచికిత్స కూడదని చెప్పి వైద్యురాలు దానిని రేవునకు బంపెను. అంతలో నుగాది సమీపించెను. గోనెసంచులతో బురపాలకుల మనుష్యులు వత్తురని వదంతి పుట్టెను. కాని చుక్క యిపుడు బోను కనబడినను సుభాషిణి గొంతు వినబడినను గప్పులెక్కి పాఱిపోవుచుండెను. అది నమ్మి దరిజేరునది మరల బరదేశమ్మ నొక్కతెనే. ఆమె మోకాలికే తలరాచును, ఆమె చేతినుండియే తినును. అసూయ యేది కోరెనో యది సంపూర్ణముగా నామెకు దక్కెను.

అట్టి దినములలో సుభాషిణి మరల వచ్చి తడినేలపై గూర్చుండెను. "నా దగ్గరికి రావడం లేదు. మీరు పిలిస్తే వస్తుంది. కానీ ఈసారి అది తనంతట బోనులోకి వెళ్ళదు, మీ చేతులతోనే పట్టి లోపల పెట్టాలి. ఆ తర్వాత అది మీ దగ్గరికి మళ్ళీ రాకపోవచ్చు. అడగడానికి నాకు నోరు రావడం లేదు."

పరదేశమ్మ ప్రక్కనున్న చుక్కవైపు చూచెను. అది యామె చీరకుచ్చెళ్ళపై గాళ్ళు ముడుచుకొని నిదురించుచుండెను. దాని నుదుటి బొట్టును వ్రేలితో నిమిరి "రేతిరేటీ పెట్టను. ఈపాలి నిజంగానే పెట్టను" అనెను.

మఱునాటి యుదయమున నాకలిగొన్న చుక్క పిలువకయే వచ్చెను. పరదేశమ్మ దాని వీపు నిమిరెను. ఒకచేత మెడపై చర్మమును మఱియొకచేత వెనుకకాళ్ళను బట్టి యెత్తి బోనులోనుంచి తలుపు మూసెను. చుక్క మొదట నమ్మలేదు. పిదప నరచి గింజుకొని యూచలసందునుండి యామె ముంజేతిని మోచేతిదాక జీరివైచెను. రక్తము కాఱుచున్నను దుడుచుకొనక పరదేశమ్మ బోనును దన యొడిలోనే పెట్టుకొని యాటోలో గూర్చుండెను. త్రోవపొడవునను నది యామెను జూచుచునే యుండెను. ఆమె చూపు త్రిప్పుకొనలేదు.

చికిత్స నిర్విఘ్నముగా జరిగెను. ఎడమచెవి కొన తెగిన చుక్కను గోలుకొన్నపిమ్మట రేవునందు విడిచిరి. ఉగాది గడచినపిదప బురపాలకుల మనుష్యులు వచ్చి పిల్లుల చెవులు చూచి చూచి విసిగి వట్టి గోనెసంచులతో మరలిపోయిరి. నాటినుండి చుక్క పరదేశమ్మ కత్తిపీట చాయలకు వచ్చుట మానెను. న్యాయమిట్లున్నది: మొదట బోనుపెట్టిన సుభాషిణిని గొన్నాళ్ళకు క్షమించి తపాలాకార్యాలయపు మెట్లను జేరెను, కాని చేతులారబట్టిన పరదేశమ్మను క్షమింపలేదు.

వైశాఖమున సముద్రమున వేట నిలిచెను. చేపలు గ్రుడ్లుపెట్టు కాలమగుటచే బ్రభుత్వము మరబోట్లను నిషేధించుట ప్రతివర్షము జరుగునదే. లంగరు వేసిన బోట్లు తీరమంతట వరుసలుగట్టి యూగుచుండెను. వేలపు షెడ్డు మూగవోయెను, కత్తిపీటలు తుప్పుపట్టసాగెను. పిల్లులకు బ్రేవులును లేవు తలలును లేవు. సుభాషిణి కార్యాలయమువారివద్ద నన్నము పోగుచేసి పెట్టుచుండెను. పరదేశమ్మ యెండలోబడి నడచి తెప్పలమీద జిల్లరవేట చేయువారివద్ద జిన్నచేపలను సంపాదించి తెచ్చి పంచుచుండెను.

ఒక సాయంకాలమున నామె యాకులో మడిచిన చేపలతో దపాలాకార్యాలయపు మెట్లయొద్దకు వచ్చెను. చుక్క సుభాషిణి ప్రక్కన గూర్చుండి యామెను జూచి చెవులు వెనుకకువాల్చెను. పరదేశమ్మ మెట్లెక్కక దిగువనే నిలిచి యాకును జేయిచాచి యందించెను.

"మీరే పెట్టండి. కొన్నాళ్ళకి మీ దగ్గరికీ వస్తుంది" అని సుభాషిణి లేచెను.

"రాదమ్మా, నాకు తెల్సు. నాకింకా కుళ్ళుగానే ఉంది, అబద్దమెందుకు. నువ్వే పెట్టు. ముళ్ళు తీసి పెట్టు, దాని గొంతు ఇంకా పచ్చిగా ఉంటాది."

సుభాషిణి యాకు విప్పి ముళ్ళు తీయ మొదలుపెట్టెను. పరదేశమ్మ యాకు పట్టిన చేతులను జీరకు దుడుచుకొని రేవువైపు మరలెను.

మాత్సర్యము నశించిననాడే మానవుడు మంచివాడగునని యెల్లరు ననుకొందురు. అది నశింపకయే కడుపులో మండుచుండగా దానిని మోసికొనుచునే చేయవలసినపని చేయుట యంతకంటె దుష్కరము; లోకమునందలి మంచితనములో హెచ్చుపాలట్టిదేయని తోచుచున్నది. క్రుంకుచున్న ప్రొద్దు బోట్ల కొయ్యలమీద రాగిపూతవలె నిలిచియుండ నా యిసుకదారిని బరదేశమ్మ నడచిపోవుచుండెను. వెనుకనెక్కడనో మెట్లమీదనుండి మెత్తని యడుగులు దిగినట్లొక చప్పుడు వినబడెను. అది చుక్కదియో, వీధిలోని మఱియొక పిల్లిదియో, వట్టి గాలిదియో తెలిసికొనవలెనని యామె మెడ తహతహలాడెను. ఆమె తల త్రిప్పలేదు. నడక మాత్రము కొంచెము నెమ్మదిచేసెను.